తాత ఇనని పుట్టుక కథ

ఇటు రా బిడ్డా, నా పక్కకు జరిగి కూసో. ఆ ఫోను అవుతల వెట్టు. ఇది మీ తాత ముచ్చట. మంది ముందట చెప్పని ముచ్చట.

సకల జనుల సమ్మె నడిచిన ఏడు అది. బడులు బంద్, బస్సులు బంద్. కరెంటు లేక సిరిసిల్లల బట్ట నేసే సాంచలు గూడ నోరు మూసుకున్నయ్.

మీ తాత యాదగిరి మన పద్మశాలి వాడకు కులపెద్ద. నలభై ఏండ్ల నూలు దుమ్ము రొమ్ముల పేరుకున్నది. "ఇగ దేవుని దయ" అన్నడు డాక్టరు.

ఆయనకు ఒక్కటే కోరిక మిగిలింది. నన్ను పిలిచి చెప్పిండు.

"లస్మవ్వా, కూనపులోళ్లు రావాలె. మన కులం పుట్టుక కథ ఒక్కపారి ఇని కండ్లు మూస్త."

కూనపులోళ్లంటే బొమ్మల పటం కట్టి, మనోళ్లు ఎట్ల పుట్టిండ్రో పాడెటోళ్లు. తాతల నాటి సంది అది వాళ్ల హక్కు. పన్నెండేండ్ల సంది ఒక్కలు రాలే. మీ తాత కనవడ్డోళ్లందరితోని కబురు తోలిండు.

ఒకనాడు పొద్దుగాల ఓ మనిషి అచ్చిండు. ప్యాంటు, అంగీ, జేబుల పెన్ను. ఆటోలు మారుకుంట కోరుట్లకెల్లి అచ్చిండట.

"కులపెద్ద ఇల్లు ఇదేనా అవ్వా?"

"ఇదే కొడుకా. తానం చేస్తున్నడు, కూసో."

మీ అక్క రచన అప్పుడు పదో తరగతి. అరుగు మీద సైన్సు పుస్తకం ముందటేసుకొని తిప్పలు వడుతున్నది.

"మీకు గిది వస్తదా అంకుల్?"

"నేను సైన్సు సారునే తల్లీ."

షురూ చేసిండు. భూమి ఎట్ల సల్లారింది, నీళ్లల్ల జీవం ఎట్ల మొలిచింది, కోట్ల ఏండ్లకు మనిషి ఎట్ల అయ్యిండు. పొయ్యి మీద కూర మాడుతున్నా నేను లేవలే.

మీ తాత తువ్వాలతోని తుడుసుకుంట బయటికచ్చిండు.

"ఏందీ? మనిషి కోతికి పుట్టిండా?"

"కోతికి, మనకు మూలం ఒక్కటే పెద్దయ్యా."

"నీకు కోతి తాత అయితే కానియ్! మాకు మార్కండేయుడు తాత. తామర తూళ్ల నారతోని దేవుళ్లకు బట్ట నేసిన వంశం మాది!"

"ఆ ముచ్చట గూడ నాకెరుకే. నేను అచ్చిన పని..."

"దేవుడు లేడనెటోనితోని నాకేం పని? లే, నా అరుగు మీదికెల్లి!"

"లేడని నేను అనలే పెద్దయ్యా."

మీ తాత ఇనలే. దగ్గుకుంటనే ఒర్రిండు.

"లస్మవ్వా, గడప మైల వడ్డది. నీళ్లు కొట్టు!"

ఆ మనిషి ఇంకా మెట్లు దిగనే లేదు. చెంబు నీళ్లు ఆయన చెప్పుల మీద వడ్డయ్.

కొట్టింది నేనే.

కార్తీకం దాటలే. "కూనపులోళ్లు అచ్చిండ్రా?" అని అడుక్కుంటనే మీ తాత పోయిండు.

దినాలనాడు జగిత్యాల దిక్కు ముసలాయన ఒకాయన అచ్చి ఫోటో ముందట నిలవడ్డడు.

"పాపం, మా కోసం కబురు మీద కబురు తోలిండు. తారీఖు మాట్లాడి రమ్మని మా తమ్ముని కొడుకును సమ్మెలనే తోలిన. ఏమైందో ఏమో, మల్ల ఈ వాడకు పోనన్నడు. మా ఇంట్ల కథంతా నోటికి వచ్చేది వాడొక్కనికే."

"ఎవలయ్యా ఆయన?"

"కోరుట్ల బడిల సైన్సు సారు అవ్వా."

యాది వెట్టుకో బిడ్డా. రేపు నీ పిల్లలకు గూడ చెప్పు. చెప్పేటప్పుడు మా ఇద్దరి పేర్లు మాత్రం దాయకు.