గణపతి కట్టిన ఫీజు

"సర్కారు కట్టాలె. లేకుంటే కన్నతండ్రి కట్టాలె. నడుమ గణపతి ఎందుకు కట్టాలె?"

మండపం ముందు కుర్చీలో కూర్చుని అడిగాడు వెంకట్రాములు.

బాన్సువాడలోని ఆ గల్లీలో గణపతి లడ్డూ ఆరేళ్లుగా ఆయన ఇంటికే పోతోంది. ఏటా ఇరవై వేల దగ్గర వేలంపాట ఆగుతుంది. పోటీకి వచ్చేవాడు లేడు. ఆ డబ్బు డీజేకు, అన్నదానానికి సరిపోతుంది.

ఈసారి యువజన సంఘం అధ్యక్షుడు భూమేశ్ మైకులో చెప్పిన కొత్త మాట మీదే ఆయన ప్రశ్న.

"లడ్డూ పైసలు ఎన్నొస్తే అన్ని తండా ధన్‌సింగ్ బిడ్డ మంజులకు ఇస్తున్నం. హైదరాబాద్‌ల యూనివర్సిటీల ఎమ్మెస్సీ సీటొచ్చింది. సెల్ఫ్ ఫైనాన్స్ సీటట, సర్కారు కట్టదట. ఫీజు, హాస్టల్ కలిపి ఎనభై వేలు. సోమవారం దాటితే సీటు పోతది."

ఇరవై వేలతో ఆ సీటు నిలబడదని అక్కడున్న అందరికీ తెలుసు. వెనక నిలబడిన ధన్‌సింగ్ తల వంచుకున్నాడు.

"సరే, ఇగ కానియ్. పదివేలు," అన్నాడు వెంకట్రాములు మీసం సవరించుకుంటూ.

"పదిహేను."

ఆడవాళ్లలో కూర్చున్న వెంకట్రాములు భార్య సాయవ్వతో సహా అందరూ వెనక్కి తిరిగి చూశారు. నలభై దాటిన మనిషి. మాసిన ఖాకీ చొక్కా, భుజాన తువ్వాల. రైస్‌మిల్లుకు లోడు కోసం వచ్చిన లారీ డ్రైవర్.

"ఎవలు బై నువ్వు?"

"బాటెంబడి పోయేటోన్ని పటేలా. దేవుని లడ్డూకు ఊరోడు, బయటోడు అనేది ఉంటదా?"

"ఇరవై."

"ముప్ఫై."

"నలభై."

"యాభై," అన్నాడు డ్రైవర్, బీడీకట్ట ధర చెప్పినంత తాపీగా.

వెంకట్రాములుకు చెవులు వేడెక్కాయి. గల్లీ మొత్తం చూస్తోంది. లారీ డ్రైవర్ చేతిలో ఓడిపోతే రేపు హోటల్ దగ్గర ఏ ముఖం పెట్టుకుని చాయ్ తాగాలి?

"అరవై."

"డెబ్భై."

"ఎనభై. ఇగ పాడు, చూస్త."

డ్రైవర్ రెండు చేతులూ జోడించాడు.

"మీదే పటేలా."

డప్పులు మోగాయి. లడ్డూ నెత్తిన పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే వెంకట్రాములుకు ఏనుగెక్కినంత సంబరం.

ఆ సంబరం దీపాలు పెట్టే వేళకే దిగిపోయింది. ఇంటికి వచ్చిన భూమేశ్ నవ్వాపుకోలేక చెప్పేశాడు.

"గా డ్రైవర్‌ను అడిగిన బావా, మా బావ ఆగిపోతే నువ్వు యాడికెంచి కడుతుంటివని. జేబుల డీజిల్ పైసలు తప్ప ఏం లెవ్వట. 'ఆయన ఆగడు, నాకెరుకే' అనుకుంట లారీ ఎక్కి నాందేడ్ దిక్కు పోయిండు."

వెంకట్రాములు ముఖం కందగడ్డ అయింది.

"అంటే నన్ను పిచ్చోన్ని చేసిండు. గది దొంగపాట. నేను ఒక్క రూపాయి కట్ట. మీ లడ్డూ మీరే తీస్కపోండ్రి."

భూమేశ్ నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ సాయవ్వ లోపలికి పోయింది.

తెల్లవారి ఆదివారం. ధన్‌సింగ్, మంజుల వాకిట్లోకి వచ్చారు. బతిమాలడానికి వచ్చి ఉంటారని వెంకట్రాములు నాలుగు మాటలు ముందే సిద్ధం చేసుకున్నాడు.

"పటేలా, మా బిడ్డ ఏందో చెప్తదట," అన్నాడు ధన్‌సింగ్.

"భూమేశన్న అంతా చెప్పిండు," అంది మంజుల. "ఆ డ్రైవర్ ఎవరో మాకు తెల్వదు. మేము తోలిచ్చిన మనిషి కాదు. మిమ్మల్ని మోసం చేసిన పైసలతోని నేను చదువుకోను. గీ సీటు కాకుంటే ఇంకోటి. గా మాట చెప్పిపోదామని వచ్చిన."

చెప్పి వెనక్కి తిరిగింది.

సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ వెంకట్రాములుకు పనికిరాలేదు. తన మనవరాలి ఈడు పిల్ల ముందు తానే చిన్నవాడైనట్టు అనిపించింది. సిగ్గేసింది.

"ఆగు బిడ్డా. ఏం చదువు అది?"

"కెమిస్ట్రీ."

"నాకేం సమజయితది గాని, మంచిగ చదువు. పాట పాడింది నేను. నా నోటికెంచి వచ్చిన మాట నాదే. కూసోండ్రి."

లోపలికి పోయి ఎనభై వేలూ తెచ్చి మంజుల చేతిలో పెట్టాడు. ధన్‌సింగ్ తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లు వెళ్లాక వెంకట్రాములు అరుగు మీద కూర్చున్నాడు. చెరుకు బిల్లు చేతికొచ్చిన రోజున కూడా మనసు ఇంత తేలిగ్గా లేదు.

"మొనగాడే వాడు," అన్నాడు లడ్డూ ముక్క చేతికిచ్చిన సాయవ్వతో. "పైస లేకుంట ఒక పిల్ల చదువు నిలబెట్టిండు. నిన్ననే తెలిస్తే పక్కన కూసోబెట్టుకుని అన్నం పెడుతుంటి. ఎవలో ఏమో."

"నాకెరుకే," అంది సాయవ్వ.

"ఎప్పటి సంది?"

"పదిహేను అన్నప్పుడే గొంతు గుర్తుపట్టిన."

"మరి గప్పుడే చెప్పకపోయినవేందే?"

"చెప్తే నువ్వు పాట ఆపుతుంటివి."

"ఎవలే వాడు?"

సాయవ్వ ఆయన పక్కనే కూర్చుంది.

"మన పొలంల జీతమున్న ధర్మా కొడుకు లాల్‌సింగ్, యూనివర్సిటీల సీటొచ్చింది, ఫీజుకు ఆరువేలు అప్పియ్యమని ఇరవై ఏండ్ల కింద పొద్దుందాక గిదే వాకిట్ల నిలబడి, ఉత్త చేతులతోని పోయిన పిల్లగాడు."