కూతురి డబ్బా

టైలర్ ఒకసారి స్నానాలగది వైపు చూశాడు. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. కూతురు ఇప్పట్లో బయటికి రాదు. గబగబా ఆమె లంచ్ డబ్బా మూత తీసి, కూరలో చిటికెడు ఉప్పు వేసి, చెంచాతో కలిపి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మూత బిగించాడు.

జబ్బు ఆయనది. కిడ్నీల నిండా నీటితిత్తులు. తల్లి నుంచి వచ్చింది. నయమయ్యేది కాదు, పథ్యంతో నెట్టుకురావాలన్నాడు డాక్టరు. ఉప్పు బాగా తగ్గించాలి. బంగాళదుంపలు కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి మరీ వండాలి. పప్పుకి కొలత. ప్యాకెట్లలో వచ్చే చిప్స్ లాంటివేవీ గడప తొక్కకూడదు.

మొదట్లో నాలుక గింజుకుంది. తర్వాత అదీ మానేసింది. ఇప్పుడు భోజనమంటే గుండీలు కుట్టడం లాంటిదే. చెయ్యి కదులుతుంది, పని అయిపోతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఎలా ఉన్నారు?" అంటే, "ఉన్నాను" అంటాడు. అంతకుమించి చెప్పడానికేమీ తోచదు.

ఆయన మనసుని కలుక్కుమనిపించేది ఒక్కటే. కూతురు కూడా ఆ చప్పిడి కూరే తింటోంది.

"నీకేం ఖర్మే తల్లీ? నీ వరకు విడిగా వండుకోరాదూ?"

"రెండు రకాలు ఎవరు వండుతారు నాన్నా? పొద్దున్నే నాకంత ఓపిక లేదు."

"పోనీ, నేను వండిపెడతాను."

"భలేవాడివే! రుచి చూసే వంకతో సగం నువ్వే తినేస్తావు. అదేం కుదరదు."

తల్లి లేని పిల్ల. కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం నిలబడి పనిచేస్తుంది. రాళ్ళు తిన్నా అరిగించుకునే వయసు. తనకి ఏ జబ్బూ లేదని స్కానింగ్ చేయించుకొచ్చిన రోజే నవ్వుతూ చెప్పింది. అలాంటి పిల్ల తండ్రి కోసం నోరు కట్టేసుకుంటోంది. చెబితే వినదు. అందుకే ఈ దొంగపని మొదలుపెట్టాడు.

సాయంత్రం డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది.

"కూర ఎలా ఉందే?"

"బాగుంది నాన్నా."

ఆ ఒక్క మాటతో ఆయనకి ఆ పూట గడిచిపోయేది.

ఆ రోజు హడావుడిలో ఆమె డబ్బా మర్చిపోయి వెళ్ళింది. టైలర్ మిషన్ మీద గుడ్డ కప్పి, డబ్బా సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఆ షాపుకి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు. అద్దాల తలుపు తోసుకుని వెళ్ళేసరికి, కౌంటర్ వెనక ఫ్రేములు తుడుస్తున్న అమ్మాయి తలెత్తింది. ఆయన డబ్బా తీసి బల్లమీద పెట్టాడు.

"అక్క డబ్బానా! తను లోపల ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తోంది. నేనిస్తాలెండి" అని, గొంతు తగ్గించింది. "అక్కకి వంట చేసి పంపేది మీరేనా బాబాయ్?"

తనని వంటమనిషి అనుకుంటోందని అర్థమైంది. కాదనబోయి, వండింది ఎవరైనా ఉప్పు వేసింది తనే కదా అనుకుని తలూపాడు.

"ఏమీ అనుకోనంటే ఒక మాట. ఇకనుంచి కూరలో ఉప్పు వెయ్యకండి. అక్క మొహమాటపడి మీతో చెప్పట్లేదేమో. రోజూ వెనకగదిలో కుళాయి కింద ముక్కలన్నీ కడుక్కుని తింటోంది. నాకు చూడబుద్ధి కావట్లేదు."

టైలర్ బల్లమీది డబ్బా వైపు చూశాడు. కూర కడుక్కోవడమేమిటి? నాన్న తినని ఉప్పు తనూ తిననని ఒట్టుగానీ పెట్టుకుందా? ఇంత మొండితనం ఎవరి పోలికో!

"ఎందుకమ్మా అలా కడుక్కోవడం?" అన్నాడు.

ఆ అమ్మాయి లోపలి తలుపు వైపు ఒకసారి చూసి, బల్లమీదుగా ముందుకు వంగింది.

"ఎవరితోనూ అనకండి బాబాయ్, వాళ్ళ నాన్నకున్న కిడ్నీ జబ్బే అక్కకీ వచ్చింది, తెలిస్తే ఆయన తట్టుకోలేడని స్కానింగ్‌లో ఏమీ లేదని అబద్ధం చెప్పిందట."