చివరిసారి చూసినవాళ్లు

మేస్త్రిని పోలీసులు పట్టుకుపోయిన వారానికి, లాయరమ్మ అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

మేస్త్రి అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. ఇళ్లు కట్టే పని అతనిది. కూలీల సంఘం పెట్టాడు. బస్‌స్టాండు దగ్గర బల్లెక్కి గంటలకొద్దీ మాట్లాడేవాడు. మనిషిని కట్టిపడేసే హక్కు ఎవడికీ లేదనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అలాంటివాణ్ణి పట్టపగలు వీధి మొగలో జీపెక్కించారు. టీ కొట్టతను చూశాడు. పక్కింటావిడ చూసింది. ఆ తర్వాత అతని జాడ లేదు.

మేస్త్రి భార్య కుట్టుమిషను మీద ఎవరివో జాకెట్లు కుడుతోంది. లాయరమ్మ వచ్చిన పని చెప్పగానే ఆమె చేతిలో గుడ్డ ఆగింది.

“వద్దులెండమ్మా. ఎందుకొచ్చిన గొడవ?”

ఆ భయం లాయరమ్మకు కొత్త కాదు. ఠాణా పేరెత్తితే వెనక్కి తగ్గే ఆడవాళ్లను ఆమె చాలామందిని చూసింది. ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ప్రభుత్వం మనిషిని పట్టుకోవచ్చు, కాదనం. అయితే ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఒక్కరోజు తిరిగేలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అలా చెయ్యకపోతే, మనిషిని తెచ్చి చూపించమని పోలీసులను హైకోర్టే నిలదీస్తుంది.

“నువ్వు సంతకం పెట్టు చాలు. మిగతాది నేను చూసుకుంటాను.”

ఆమె కుడుతున్న జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. చివరికి సంతకం పెట్టింది. కుడిచేతి మణికట్టు సరిగా తిరగదేమో, అక్షరాలు వంకర్లు పోయాయి. లాయరమ్మ చుట్టూ చూసింది. ఊరందరికీ ఇళ్లు కట్టినవాడి ఇంటికి గోడలకు సున్నం లేదు, గదులకు తలుపుల్లేవు. పెరట్లో గచ్చు ఒక్కటే కొత్తగా ఉంది. ఆమెకు మనసు కలుక్కుమంది.

పక్కింటావిడను కూడా అడిగింది. మేస్త్రిని తీసుకెళ్లాక ఆవిడ ఇక్కడికి పరుగెత్తుకొచ్చిందట. వీధి తలుపుకు బయటినుంచి గడియ వేసి ఉంటే తనే తీసిందట.

“అంటే భార్యనూ బంధించి వెళ్లారన్నమాట” అని రాసుకుంది లాయరమ్మ.

పక్కింటావిడ ఏదో అనబోయింది. మేస్త్రి భార్య తలెత్తి ఆవిడవంక చూసింది. ఆవిడ నోరు మూసుకుంది.

పిటిషన్ పడ్డ రోజునుంచి ఇంటి ఎదురుగా ఒక జీపు ఆగడం మొదలైంది. అందులోంచి ఎవరూ దిగరు, ఏమీ అడగరు. ఆమె బియ్యానికి వెళ్తే వెనకే కదిలేది. కూతురు బడికి వెళ్తే బడిదాకా వచ్చేది. అరువిచ్చే కొట్టువాడు మొహం తిప్పుకున్నాడు. కుట్టుపని ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. సంఘంవాళ్లు మాత్రం ధైర్యం చెప్పి పోతుండేవాళ్లు. ఆమె అందరికీ తలూపేది. ఒక్కసారైనా ఏడవలేదు. దానికి కూడా మెచ్చుకున్నారు.

కోర్టులో పోలీసులు మొదట అసలు పట్టుకోనే లేదన్నారు. టీ కొట్టతను బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పాడు. జీపు నంబరుతో సహా చెప్పాడు. దాంతో ఇన్‌స్పెక్టరు మాట మార్చాడు. తీసుకెళ్లిన మాట నిజమేననీ, మందలించి అదే సాయంత్రం వెనక గేటులోంచి పంపేశాననీ అన్నాడు.

దేశ భద్రత ముందు ఒక మనిషి స్వేచ్ఛ ఎంతని ప్రభుత్వ ప్లీడరు వాదించాడు. స్వేచ్ఛకు హద్దులుంటాయి, కాదనడం లేదన్నాడు జడ్జి. వాటిని గీసిన చట్టం ఏదో చూపించమన్నాడు. చూపించడానికి ఏమీ లేదు. పట్టుకున్నట్టూ రాయలేదు, వదిలినట్టూ రాయలేదు.

ప్లీడరు ఆఖరి ప్రయత్నంగా ఆమె వైపు తిరిగాడు.

“నీ భర్త ఆ సాయంత్రం ఇంటికి రాలేదా?”

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“వచ్చుంటే నేను కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతానయ్యా?”

లాయరమ్మ కళ్లు తుడుచుకుంది.

చివరిసారి చూసినవాళ్లే జవాబు చెప్పాలని తీర్పులో రాశారు. ఇన్‌స్పెక్టరును సస్పెండు చేశారు. అతని మీద హత్య కేసు పెట్టి, దర్యాప్తు వేరే అధికారులకు అప్పగించారు. ఇంటి ముందు జీపు మాయమైంది. కుట్టుపని మళ్లీ రావడం మొదలైంది. కూతురు ఇప్పుడు ఇంట్లో గట్టిగా నవ్వుతోందనీ, గంతులేస్తోందనీ పేటవాళ్లు అనుకున్నారు. పసిదానికి ఏం తెలుసు పాపం అనుకున్నారు.

అరెస్టు చేస్తారని తెలిసిన సాయంత్రం ఇన్‌స్పెక్టరే వచ్చాడు. మామూలు చొక్కాలో ఉన్నాడు. గడ్డం మాసింది, భుజాలు జారిపోయాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“కొట్టిన మాట నిజమేనమ్మా” అన్నాడు. “ఇంతకుముందు ఎంతోమంది సంగతిలో అబద్ధాలు చెప్పాను, అందరూ నమ్మారు. ఈ ఒక్కసారే నిజం చెప్తున్నాను, కన్నకొడుకు కూడా నమ్మట్లేదు. నడుచుకుంటూ వెళ్లాడు. నా కళ్లతో చూశాను. ఎటు పోయాడో నీకేమైనా తెలిస్తే చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

ఆమె వీధిలోకి ఇటూ అటూ చూసింది. ఎవరూ లేరు.

నెమ్మదిగా తలుపు మూస్తూ అంది: “ఇంటికే వచ్చాడు సార్, ఆఖరి ముద్ద నా చేత్తోనే తిన్నాడు.”