ఫోటో కింద పేరు

“ఏంటండీ ఇది? నేను బతికే ఉన్నాను కదా,” అన్నాడు విజయ్ పాల్, గోడ మీది ఫోటోకేసి వేలు చూపిస్తూ.

రాజమండ్రి ఫోటోగ్రాఫర్లు పెట్టుకున్న ప్రదర్శన అది. హాలంతా జనం. ఆ నలుపు తెలుపు ఫోటోలో దేవీచౌక్ దగ్గర రోడ్డు దాటబోతున్న ఒకావిడ. తెల్లచీర, బోసి నుదురు, ఎటో చూస్తున్న కళ్లు. కింద ‘వైధవ్యం’ అని పేరు, పక్కన ‘మొదటి బహుమతి’ అని కాగితం. ఆ ఫోటోలో ఆవిడే ఇప్పుడు విజయ్ పాల్ వెనకాల తలొంచుకుని నిలబడి ఉంది. పేరు రూబీ. ఆయన భార్య.

ఫోటో తీసినవాడు శ్యాంబాబు. ఇంకాసేపట్లో స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకోవలసిన మనిషి.

“మేం క్రిస్టియన్లమండి. మా ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. బొట్టు లేకపోతే మొగుడు లేనట్టేనా?” అన్నాడు విజయ్ పాల్. ఆయన స్కూలు హెడ్మాస్టరు. గొంతు పెంచకుండానే హాలంతా వినబడేలా మాట్లాడటం అలవాటు. “అది తెల్లచీర కూడా కాదు. లేత పసుపు. మీ నలుపు తెలుపులో తెల్లగా పడింది. ఈస్టర్‌కి నేనే కొన్నాను. ఏం, మాట్లాడవే?”

“అవునండి,” అంది రూబీ నేలకేసి చూస్తూ.

ఎంత సిగ్గుచేటు చెప్పండి. ఇందాక ఆ ఫోటో ముందు నిలబడి, ఆ కళ్లలో తోడు పోయిన దుఃఖం కనబడుతోందని ఉపన్యాసం దంచిన ప్రెసిడెంటు వేణుగోపాలరాజు గారు ఇప్పుడు సీలింగు ఫ్యాను కేసి చూస్తున్నారు. అప్పుడు ఆహా అని తలలూపిన వాళ్లంతా మెల్లగా పక్క ఫోటోల దగ్గరికి జారుకున్నారు.

“ఏమయ్యా శ్యాంబాబూ, ఆవిడని ఒక్క మాట అడిగి పేరు పెట్టొచ్చు కదా?” అన్నారు రాజు గారు, తప్పంతా అటు తోసేసి.

శ్యాంబాబు నోరు తెరిచాడు. రూబీ వైపు చూశాడు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. అతని మొహం కందగడ్డయింది.

“అడగలేదండి. బొట్టు లేదు కదా అని నేనే అనేసుకున్నాను. తప్పయిపోయింది, క్షమించండి,” అన్నాడు చేతులు జోడించి.

“బుద్ధుండక్కర్లేదా?” అన్నారెవరో వెనకనుంచి. బహుమతి కాగితాన్ని రాజు గారు స్వయంగా పీకేశారు. ఫోటోని దించేయమన్నారు. కొడుక్కి శాలువా కప్పుతారని కొత్తచీర కట్టుకొచ్చిన శ్యాంబాబు తల్లి, ముందు వరసలోంచి లేచి ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది. పాపం, అది చూసి శ్యాంబాబుకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

విజయ్ పాల్ శాంతించాడు. “నలుగురిలో పరువు పోయేది. పద,” అని భార్య మోచెయ్యి గట్టిగా పట్టుకుని నడిపించుకుపోయాడు.

ఆయన కారు తియ్యడానికి వెళ్లగానే రూబీ గబగబా వెనక్కొచ్చింది. దించిన ఫోటోని గుడ్డలో చుడుతున్న శ్యాంబాబు దగ్గర ఆగింది.

“ఆయన ముందు నన్ను పట్టివ్వలేదు. మీ మేలు మర్చిపోనండి,” అంది. “ఆవేళ ఫోటో తీశాక, మీవారేం చేస్తుంటారమ్మా అని మీరడిగితే, పోయారండి అని నా నోటితో నేనే చెప్పాను కదా.”