గద్ద ఏ వైపు దిగుతోంది?

గద్ద కనబడితే చాలు, పొలం గట్టు మీది తీతువు పెద్దగా కేక వేసేది. ఆ కేక విన్నవాళ్లెవరైనా వెంటనే తామూ అరవాలి, తమ కంట పడినది కూడా కలిపి అరవాలి. ఆ పొలం పక్క పెరట్లో తిరిగే పక్షుల కట్టుబాటు అది.

తాటిచెట్టు మీది కాకికి మాత్రం, ఏమిటో మరి, వేరే బుద్ధి పుట్టింది. కేక వినగానే తలెత్తి, గద్ద ఏ వైపు దిగుతోందో చూసుకునేది. మిడతను తెచ్చిచ్చిన వాళ్ల చెవిలోనే ఆ మాట ఊదేది. మిగతావాళ్లకు గద్ద వెళ్లిపోయాక చెప్పేది.

ఒకనాడు కోడి తెలియక గద్ద దిగే వైపుకే పరుగెత్తి, ఒక పిల్లను పోగొట్టుకుంది.

"నీకూ చెప్పానుగా కోడమ్మా!" అంది కాకి.

"ఎప్పుడు చెప్పావయ్యా? గద్ద కడుపు నిండాకనా?" కోడి ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఏ వైపో చూసింది నా కళ్లు. ఆ కబురు నా సొంతం."

తీతువుకు ఒళ్లు మండింది. "నా కేక ఏ మిడతా ఇవ్వకుండానే వినబట్టి కాదూ, నువ్వు తలెత్తి చూసింది?"

కాకి తాటిమట్టకు ముక్కు రుద్దుకుంది.

మర్నాడు మళ్లీ గద్ద వచ్చింది. మిడతనిచ్చిన గోరింక చెవిలో కాకి గుసగుసలాడింది. కింద కోడి, మిగిలిన పిల్లలతో ఎటు పోవాలో తెలియక గిరగిరా తిరుగుతోంది.

"గడ్డివాము వైపు దిగుతోంది! బావి వైపు పరుగెత్తండర్రా!" అని గోరింక గొంతు చించుకుంది.

పిల్లలన్నీ దక్కాయి.

"నీ ఒక్కదానికే చెప్పానే!" కాకి మండిపడింది.

"చెప్పావు మావా. ఆ తల్లిని చూస్తూ నీ కబురు మింగుదామంటే, గొంతు దిగలేదు."