గేటు దగ్గర దండం

“ఇప్పటికైనా చెప్పవే అమ్మా. ఆ రోజు ఆయన్ని ఎందుకు పంపేశావ్?”

ఆసుపత్రి మంచం మీద తల్లి కళ్ళు మూసుకుంది. తెల్లారితే ఆవిడకి గుండె ఆపరేషన్. మందుల సంచీ సర్దుతూ కూతురు ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే మళ్ళీ అడిగింది.

“ఎన్నిసార్లు చెప్పాలే? భయమేసింది. ఊళ్ళు పట్టుకు తిరిగే నాటకాల కంపెనీ. నువ్వేమో ఒక్కగానొక్క ఆడపిల్లవి.”

“భయం నీది. బతుకు నాది.”

“అవునే, తప్పు నాదే. నువ్వు వెళ్ళుంటే ఎక్కడో ఉండేదానివి. నీకేం తక్కువ?”

ఆ చివరి మాటకే కూతురికి ఒళ్ళు మండుతుంది. గిల్లేదీ తనే, జోల పాడేదీ తనే.

కూతురు బస్టాండులో అనౌన్సరు. డ్రైవర్లు, కండక్టర్లు అందరూ అనౌన్సరమ్మ అంటారు. “బస్సు రెండు గంటలు లేటని ఆవిడ చెబితే ఇంకో గంట లేటైనా బాగుండుననిపిస్తుంది” అని వాళ్ళ వేళాకోళం. అద్దాల గదిలో కూర్చుని ఊళ్ళ పేర్లు పిలవడం, ఆ ఊళ్ళకి పోయే జనాన్ని చూస్తూ ఉండిపోవడం ఆవిడ ఉద్యోగం. మైకు కట్టేశాక ఆ ఊళ్ళన్నిటిలోనూ ఆవిడ నాటకాలు ఆడుతుంది. ఒక ఊళ్ళో రాణి, ఇంకో ఊళ్ళో పిచ్చిది, మరో ఊళ్ళో కొడుకుని పోగొట్టుకున్న తల్లి. తెర పడ్డాక చప్పట్లే చప్పట్లు. అక్కడ ఆవిడకి మోకాళ్ళ నొప్పులుండవు, వదిలేసి పోయిన మొగుడుండడు. ఇంతలో ఇంకో బస్సు వస్తుంది, మైకు వేయాలి.

ఆ రోజు జరిగింది ఆవిడకి కళ్ళకు కట్టినట్టుంది. కంపెనీవాళ్ళు కొత్త నటుల కోసం పరీక్ష పెడితే వెళ్ళి చేసి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి మేడమీద కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర సాక్షాత్తూ డైరెక్టరు గారే! ఆయన ఏదో చెప్పాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ ఏదో చెప్పబోతే రెండు చేతులూ జోడించింది. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. అమ్మ మెట్లెక్కి వచ్చేసరికి తను గుమ్మంలో నిలబడి ఉంది.

“వద్దని పంపేశావా?” అని అరిచింది.

అమ్మ కాసేపు తన మొహంలోకి చూసి, “అవును” అంది.

“వెనకవీధి పిల్ల ఎంపికైతే కిరాణా కొట్టుకి ఫోను చేశారంతే” అంది కూతురు ఇప్పుడు, సంచీ మూతి బిగిస్తూ. “నాకోసం ఆయనే నడిచొచ్చాడు. అంతటి మనిషిని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు నువ్వు.”

తల్లి దుప్పటి గుండెల మీదకి లాక్కుంది.

“రేపు పొద్దున నాకు డ్యూటీ ఉంది. తమ్ముడుంటాడు నీ దగ్గర.”

“లోపలికి తీసుకెళ్ళే ముందు ఒక్కసారి కనపడి పోవే.”

“నువ్వు వెళ్ళొద్దంటే ఆగిపోయాను. ఇప్పుడు రమ్మంటే రావాలా?”

“సరేలే” అంది తల్లి. “చల్లనీళ్ళు తాగకు. గొంతు పాడవుతుంది.”

వరండాలోకి వచ్చాక కూతురికి తన మాట తనకే చేదుగా తోచింది. అయినా వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున తమ్ముడు ఫోను చేశాడు. “అక్కా, ఇంకాసేపట్లో తీసుకెళ్తారట. అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. ఆటో ఎక్కి వచ్చెయ్యి.”

“డ్యూటీలో ఉన్నాను” అని పెట్టేసింది. ఆ వెంటనే మైకు అందుకుని ఒక బస్సు ప్లాట్‌ఫారం తప్పు చెప్పింది. ఇన్నేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి. జనం మూటాముల్లె పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తారు.

కాసేపటికి ఎవరో అద్దం మీద కొట్టారు.

“మీరు చెప్పిన చోట బస్సు లేదమ్మా. ముసలివాణ్ణి, ఎక్కడని పరుగెత్తను?”

చేతికర్ర, బట్టతల. కానీ ఆ గడ్డం పైకెత్తి మాట్లాడే తీరు ఆవిడ మర్చిపోలేదు. గబగబా తలుపు తీసింది.

“మీరు... నాటకాల కంపెనీ డైరెక్టరు గారు కదూ?”

“ఒకప్పుడు. ఇప్పుడు బస్సు తప్పిపోయిన ప్రయాణికుణ్ణి.”

కుర్చీ వేసింది. “నేను మీకు గుర్తుండను. నీలం గేటు ఇల్లు. మీరే స్వయంగా వచ్చారు. మా అమ్మ దండం పెట్టి పంపేసింది.”

ఆయన మొహంలో నవ్వు పోయింది. “నీలం గేటు” అన్నాడు నెమ్మదిగా. “దండం పెట్టిన ఆ తల్లిని మర్చిపోలేదమ్మా. ‘మా పిల్లతో మీరేం మాట్లాడొద్దు, నేను చెప్పుకుంటాను’ అంది. బాగున్నారా ఆవిడ?”

“ఆసుపత్రిలో ఉంది. చూశారా, మీ నోటితోనే అన్నారు! మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు. తనే మీకు వద్దని చెప్పానని ఒప్పుకుంది కూడా.”

“ఆవిడ అలా చెప్పారా నీతో?”

“ఇన్నేళ్ళూ అదే చెబుతోంది.”

టేబులు మీద ఫోను మళ్ళీ మోగింది. తమ్ముడే. ఆవిడ దానివైపు చూసింది గానీ తీయలేదు. ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోకపోతే ఇక బతికున్నంత కాలం తెలియదనిపించింది.

“మిగతావాళ్ళకి ఫోను చేసి ఊరుకున్నారు కదా. మా ఇంటికే మీరెందుకు వచ్చారు? అంత బాగా చేశానా నేను?”

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

“ఎంపిక కాలేదన్న మాట ఫోన్లో చెప్పేది కాదమ్మా.”