ఒంటిగంట లోపు

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు పోశన్న తమ కంపెనీ వెస్ట్ బే ఆఫీసులో రెండో కౌంటరు మీద ఒక కవరు పెట్టాడు. గడువు ఒంటిగంటకు ముగుస్తుంది.

కంపెనీ చేతులు మారింది. పాత రిటైర్మెంటు ఖాతాలు మూసేసి ఎవరి చెక్కు వాళ్లకిచ్చారు. దాన్ని అరవై రోజుల్లోగా ఫారంతో సహా పంపి కొత్త ఖాతాలో జమ చేయించుకోవాలి. లేకపోతే అందులో కంపెనీ కట్టిన సగం పోతుంది. మేస్త్రీకైనా మేనేజరుకైనా నియమం ఒకటే. ఆ గురువారం అరవయ్యో రోజు.

కౌంటరులో ఫారాలు ధ్రువీకరించే జక్కయ్య ఉన్నాడు. కవరు మీద అల్ వుకైర్ కార్మికుల క్యాంపు ముద్ర చూసి చేతులు కట్టుకున్నాడు.

“అరవై రోజులిచ్చారు. యాభై తొమ్మిది నిద్రకే సరిపోయాయా?”

“నాది గాదు సార్. నాది పోయిన నెలనే కట్టిన. ఇది ఎవలిదో తప్పువోయి వాపస్ వచ్చిందట. ఒంటిగంట లోపల ఇయ్యమని క్యాంప్ బాస్ ఫసీయుద్దీన్ సాబ్ పంపిండు. డ్యూటీ ఇడిచిపెట్టి ఉరికొచ్చిన.”

“ఆ దొరగారికి కాళ్లు లేవా?”

“ఎవలో నాకెరుక లేదు సార్. అంటించిన కవరు.”

కంపెనీలో ఎవరి ఫారం తిరిగొచ్చినా క్యాంపు తపాలా పెట్టెకే వస్తుంది. జక్కయ్య కవరు మీద మోచెయ్యి ఆనించాడు.

“ఉన్నవే నాలుగు గడులు. అందులో తప్పెలా పోతుందయ్యా?”

“మేం రాయం సార్. మాయన్నీ మీరే రాసిస్తరు గదా.”

“నేను రాస్తే తప్పుండదు. మీవాళ్లే ఏదో గీకి ఉంటారు.”

పక్క కౌంటరులో ఫెబి టైపు చేయడం ఆపింది. “సార్, ఇటివ్వండి. నేను ఎక్కించేస్తాను. రెండు నిమిషాల పని.”

“నువ్వుండమ్మా. ఇవాళ ఒకడికి చేశావంటే రేపు క్యాంపంతా బస్సుల్లో దిగుతుంది.”

“టైముంది కదా సార్. తీసుకోకపోతే ఎలా?”

“తీసుకోనన్నానా? తీసుకుంటాను. వరసలో.” ముందున్న ఫైళ్ల దొంతర చూపించాడు. “ఏమయ్యా, అలా కూర్చో. పిలుస్తాను.”

పోశన్న కూర్చోలేదు. పన్నెండు యాభై రెండుకు మళ్లీ అడిగాడు.

“సార్, ఎనిమిది నిమిషాలున్నయి. ఎవలి పొట్టనో కొట్టకుండ్రి.”

“నేనా కొట్టింది? వాడే కొట్టుకున్నాడు. తన డబ్బు మీద తనకే ధ్యాస లేనివాడికి సగం కాదు, మొత్తం పోవాలి. అప్పుడు తెలిసొస్తుంది.”

“గరీబోడు కావచ్చు సార్.”

“గరీబో కాదో గానీ గాడిద. అది మాత్రం ఖాయం.”

జక్కయ్య ఒక ఫైలు తెరిచాడు, మూశాడు. ఇంకొకటి తెరిచాడు. టీ తాగాడు. ఒంటిగంటకు ఫెబి కంప్యూటరులో జమల పేజీ మూతపడింది.

“ఖలాస్,” అన్నాడు జక్కయ్య. “ఇప్పుడు నీ వంతు.”

కవరు చించాడు. లోపలి చెక్కును చూడకుండానే పక్కన పెట్టాడు. మడత పెట్టి ఉన్న ఫారం వెనక వైపు ‘గడువు దాటింది’ అని ముద్ర వేశాడు. ముద్ర సరిగా పడలేదనిపించి రెండోసారి వేశాడు.

“మీ వాడికి చెప్పు, ఇక్కడెవరూ వాడి చాకిరీకి కూర్చోలేదని.”

ఆలస్యంగా వచ్చిన ఫారాల రిజిస్టరు తీశాడు. తేదీ వేశాడు. సమయం వేశాడు. పేరు రాయడానికి ఫారం మడత విప్పాడు. కలం అక్కడే ఆగింది.

“పేరేంది సార్?” అన్నాడు పోశన్న. “క్యాంపుల చెప్పాలె.”

ఫెబి వచ్చి ఫారం చేతిలోకి తీసుకుంది. దాని మీది తేదీ గడువు మొదలైన మూడో రోజుది. ఉద్యోగి సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. ధ్రువీకరించే అధికారి గడిలో సంతకం ఉంది. రెండు గడుల కిందా టైపు చేసిన పేరు ఒకటే: జక్కయ్య.